సోములమ్మ వేసిన చేతిముద్ర

రేవుపేట,
1926 నవంబరు 4

మగ్దలేనమ్మ అక్కకు,

తమ్ముడు ఎలీయేజరు నమస్కారాలతో రాసేది. నేను క్షేమం. నువ్వా కొండల్లో చలిజ్వరం లేకుండా ఉన్నావని తలుస్తాను. పనసగూడ బడిలో పిల్లలకు అక్షరాలు వచ్చాయా, ఇంకా మేకల వెనకే తిరుగుతున్నారా? పదకొండేళ్ళుగా ఆ కొండవాళ్ళకు అఆలు చెప్పి నువ్వు సంపాదించింది మోకాళ్ళ నొప్పి ఒక్కటే అంటే నీకు కోపం. అందుకని అనను.

ఇక్కడ గొప్ప పని జరుగుతోంది. మా పిచ్చాసుపత్రికి కొత్తగా వచ్చిన డాక్టరు దొర నాడి చూడడు, నాలుక చూడడు, చేతులు చూస్తాడు. ప్రతి రోగి అరచేతికీ సిరా పూసి కాగితం మీద ఒత్తిస్తాడు. వేళ్ళ మీద దున్నిన చేలో చాళ్ళలా సన్నటి గీతలుంటాయి చూడు, వాటిని భూతద్దం పెట్టి పరీక్షిస్తాడు. ఇక్కడి రోగుల్లో ఎక్కువమందికి ఉన్న జబ్బును స్కిజోఫ్రీనియా అంటారు. స్విట్జర్లాండు పండితుడొకడు పెట్టిన పేరు. మనసు ముక్కలవుతుంది, లేని గొంతులు వినిపిస్తాయి. అలాంటివాడికి తల్లి కడుపులో ఉండగానే చేతి గీతలు తెగిపోయి ఉంటాయనీ, వాడు జన్మలో బాగుపడడనీ దొర సిద్ధాంతం. నూట ముప్ఫై మంది చేతిముద్రలు తీశాం. దాదాపు అందరికీ గీతలు తెగి ఉన్నాయి! పోల్చి చూడడానికి గుమాస్తాలవీ జవాన్లవీ తీస్తే ఒక్కడికీ తెగలేదు. సిరా పూసేది నేనే, పుస్తకంలో పేర్లెక్కించేది నేనే.

నా చేతిని చూసి దొర, "బుద్ధిమంతుడి చెయ్యి అంటే ఇది" అన్నాడు. దాని జోడు ముద్ర ఒకటి పేరు రాయకుండా నమూనాగా పంపుతున్నాను. మడత పడకుండా దాచు.

ఇప్పుడు నీతో పని. మీ ఊరి సోంబరు ఇక్కడే ఉన్నాడు కదా. పోయినేడు సాలూరు సంతలో చచ్చిపోయిన అన్నతో మాట్లాడుతూ, తిండి మాని, దగ్గరికొచ్చినవాళ్ళ మీద రాళ్ళు రువ్వి పట్టుబడ్డవాడు. అయిదు నెలలుగా వాడికి గొంతులు వినిపించడం లేదు. బాగా తింటున్నాడు. జనవరిలో ఇంటికి పంపే జాబితాలో వాడి పేరుంది. అయితే ఈ గీతల తెగుదల రక్తంలో వస్తుందేమో చూడాలి, వాడి తల్లి చేతిముద్ర కావాలని దొర అడిగాడు. సిరా సీసా, కాగితాలు పంపుతున్నాను. అడవి మనుషులు కదా, సిరాను తాగేస్తారేమో కనిపెట్టి ఉండు.

నీ తమ్ముడు,
ఎలీయేజరు


పనసగూడ,
1926 నవంబరు 19

ఒరే ఎలీ,

నీ చెయ్యి చేరింది. బడి గోడకు అంటిద్దామనుకున్నాను గాని, అంత బుద్ధి ఒక్కసారిగా చూస్తే పిల్లలు దడుచుకుంటారని పెట్టెలో పడేశాను. నీ జబ్బు పేరు పలకడానికి నా నోట్లో ఉన్న పళ్ళు చాలలేదు. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు, ఆ సామెత ఎవరి కోసం పుట్టిందో ఈ వయసులో తెలిసింది.

సిరా ఎవరూ తాగలేదు. సీసా మూత తియ్యగానే ఊరు ఊరంతా అడవిలోకి పోయింది. ఎందుకు పోయిందో నీ దొరకు తెలియదు సరే, ఈ కొండల కింద పుట్టినవాడివి, నీకూ తెలియదా? ఇక్కడ వేలికి సిరా అంటిందంటే పొలం పోయిందని. కిందనుంచి వచ్చిన షావుకారు ఎప్పుడు సిరా తెచ్చినా, వెళ్ళేటప్పుడు ఒక చెక్క భూమి పట్టుకుపోయాడు.

సోంబరు తల్లి సోములమ్మ ఒక్కతే నిలబడింది. ముందు నా చెయ్యి ముంచి కాగితం మీద ఒత్తి చూపించాక తనూ ముంచింది. "ఈ నల్లసిరా ఏత్తే నా గుంటడు బేగి వచ్చేత్తాడా అమ్మా?" అని అడిగింది. ఇది అందుక్కాదు, దొర చూసుకోవడానికి అని మూడుసార్లు చెప్పాను. "ఊరికే సెయ్యి ఎవులడుగుతారమ్మా? దొర కాయితం అడిగినాడంటే ఒగ్గీడానికే" అంది, వదిలెయ్యడానికేనట. మర్నాడే వాడి పడక చోటు అలికి, వాడి గొడ్డలికి కొత్త కర్ర వేయించింది. జనవరి అన్నావు కదా అని నేనూ ఊరుకున్నాను.

ముద్ర పంపుతున్నాను. మీ అధ్యయనం ఏదో బేగి ముగించి మనిషిని పంపండి. ఇక్కడ చోళ్ళు కోతకొచ్చాయి. నా మోకాళ్ళు బాగానే ఉన్నాయి. నీ నాలుకకే ఏదైనా రాసుకో.

మగ్దలేన


రేవుపేట,
1926 డిసెంబరు 10

అక్కకు,

ముందుగా నీకు అభినందనలు. నువ్వు పంపిన కాగితం చూసి దొర కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు! సోములమ్మ చేతిలో గీత అనేదే లేదు. మచ్చలు, తునకలు, అక్కడక్కడ సగం సగం చుక్కలు. కొడుకు చెయ్యి పక్కన పెడితే అచ్చు అదే. రోగం రక్తంలో వస్తుందని రుజువైపోయింది. లండను పత్రికకు వ్యాసం రాస్తున్నాడు.

దానివల్ల ఒక చిన్న మార్పు. తల్లి నుంచి వచ్చిన పిచ్చి కనక తగ్గినట్టు కనిపించినా తగ్గదని జనవరి జాబితాలో సోంబరు పేరు కొట్టేశాడు. వాడికి చెబితే తిన్నగా పనిలోకి వెళ్ళిపోయాడు. కొండవాళ్ళకు బాధ ఆట్టే తెలియదని దొర అంటాడు, నిజమే కాబోలు. ఇక్కడ మూడు పూటలా గంజి దొరుకుతోంది, ఆ కొండ మీద వాడికేముంది?

వాడికి అన్నదమ్ములుంటే వాళ్ళ చేతులు కూడా పంపు. నీ పేరు వ్యాసంలో వేస్తారేమో అడుగుతాను.

నీ తమ్ముడు,
ఎలీయేజరు


పనసగూడ,
1926 డిసెంబరు 27

ఎలీ,

పండుగ పూట నీ ఉత్తరం చదివి ప్రార్థన మధ్యలోనే లేచిపోయాను. నువ్వు చిన్న మార్పన్నది ఆ ముసలిదానికి నేనెలా చెప్పాలిరా? చెప్పలేదు. జనవరి అన్నది కాస్త వెనకాముందూ అవుతుందన్నాను. "సిరా సరిగ్గా అంటనేదేటమ్మా? మళ్ళీ ఏత్తాను" అంది.

నీ దొరకు రాయి. సోములమ్మ నలభై ఏళ్ళుగా అడ్డాకుల విస్తళ్ళు కుడుతోంది. ఆకు గరుకు, పుల్ల గరుకు. ఆ పైన చోళ్ళు విసరడం, కట్టెలు కొట్టడం. ఆ చేతికి గీతలెక్కడ మిగులుతాయి? రోజూ నడిచే దారిలో గడ్డి మొలవలేదని భూమికి పిచ్చి అంటారా? తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనేవాడిని నేను చూశాను గాని, ఆ మాటకు ఒక మనిషిని కట్టేసి ఉంచేవాడిని ఇప్పుడే చూస్తున్నాను.

ఒకటి అడుగుతాను, దానికి మాత్రం తిన్నగా జవాబు రాయి. అక్కడ మీ రోగులు పొద్దస్తమానం ఏం చేస్తారు?

అన్నదమ్ముల చేతులన్నావు. గాసి అని ఒకడున్నాడు. ఎవరి మాటా వినడు, చెట్లను చూసి అరుస్తాడు, ఎదురొచ్చినవాడిని కుమ్మబోతాడు. ఇదిగో ఒక చెయ్యి, దొరకు చూపించు.

మగ్దలేన


రేవుపేట,
1927 జనవరి 13

అక్కకు,

కాగితం పంపావు కనక నీ కోపం చల్లారిందని అనుకుంటున్నాను. గాసి చెయ్యి దొర గంటసేపు చూశాడు. గీతలు తెగలేదు గాని లక్షణాలు అధ్వాన్నంగా ఉన్నాయట. బొటనవేలి సుడి ఎడమకు తిరిగింది. చూపుడు వేలి గీతలు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. "ఇది ఇంకా బయటపడని పిచ్చి. గర్వం, మొండితనం, తనవాళ్ళంటే లెక్కలేకపోవడం. ఇటువంటివాడికి బాధ్యత గల పని ఏదీ అప్పగించకూడదు" అని రాయించాడు. రాసింది నేనే. నిజం చెప్పొద్దూ, ఆ చెయ్యి చూస్తుంటే నాకే ఒళ్ళు జలదరించింది. మనిషి చేతిలో అంత దుర్మార్గం కనిపిస్తుందని అనుకోలేదు. అతనికి కాస్త దూరంగా ఉండు.

నువ్వడిగినదానికి జవాబు. దానికీ దీనికీ సంబంధం లేదు గాని చెబుతున్నాను. పొద్దున్న ఏడు నుంచి నాలుగు దాకా రోగులు కొబ్బరి పీచు తాడు పేనుతారు. చేతులకు పని ఉంటే మనసు కుదుటపడుతుందని ఆ ఏర్పాటు. మా వార్డులో అందరికన్నా ఎక్కువ పేనేది సోంబరే. ఇద్దరు మాత్రం జమీందారుల బంధువులు, వాళ్ళకు పని చెప్పరు, కుర్చీల్లో కూర్చుంటారు. విచిత్రమేమిటంటే వాళ్ళకూ గొంతులు వినిపిస్తాయి, అరుపులూ అవే, అయినా చేతి గీతలు చెక్కుచెదరలేదు. పెద్దింటి పిచ్చి వేరే రకమని దొర దానికొక అధ్యాయం కేటాయించాడు.

ఇక్కడ సముద్రపు గాలికి నాకు పడిశం.

ఎలీయేజరు


పనసగూడ,
1927 జనవరి 26

ఒరే బుద్ధిమంతుడా,

సోంబరుకు తమ్ముడు లేడు. గాసి అనేది మా బడి వెనక తిరిగే మేకపోతు. నీ దొర గంటసేపు చూసిన ఆ చెయ్యి, నీకు ఒళ్ళు జలదరించిన ఆ చెయ్యి, నువ్వు మడత పడకుండా దాచమన్న నీ చెయ్యేరా! నమ్మకం లేకపోతే మీ పుస్తకం తీసి పక్కన పెట్టి చూసుకో. గుమాస్తా పేరుంటే బుద్ధి, కొండవాడి పేరుంటే పిచ్చి. కొండను తవ్వి ఎలుకను పట్టారనుకున్నాను, మీరు ఎలుకను కూడా పట్టలేదు.

ఇక నీ చేత్తో నువ్వే రాసినదాన్ని మళ్ళీ చదువు. తొమ్మిది గంటలు పీచు పేనేవాడికి గీతలు లేవు. కుర్చీలో కూర్చున్న పిచ్చివాడికి ఉన్నాయి. కలం పట్టే నీకూ, కర్ర పట్టే జవానుకూ ఉన్నాయి. ఇంత అక్షరాలా రాసి, దానికీ దీనికీ సంబంధం లేదంటావేం? మా బడిలో రెండో తరగతి గుంట చెబుతుందిరా.

అరిగిన గీత మళ్ళీ వస్తుంది. ఈ ఊళ్ళో పురుడు పోసుకున్న ఆడదాన్ని నెల్లాళ్ళు పనిలోకి రానివ్వరు. ఆకు ముట్టదు, తిరగలి ముట్టదు. మొన్న పక్కింటి కనక పురిటి నుంచి లేచి వస్తే దాని వేళ్ళు పట్టి చూశాను. నేను ఎరిగి ఎప్పుడూ నున్నగా ఉండే వేళ్ళకు గీతలు తేలాయి. సోంబరును నెల పైన తాడు ముట్టనివ్వకుండా ఉంచి, అప్పుడు సిరా పూయండి.

మన అమ్మను మరిచిపోయావు. మిషను ఇల్లు కట్టేటప్పుడు మూడేళ్ళు సున్నం కలిపింది. బాప్తిస్మం రోజున పుస్తకంలో వేలిముద్ర వేయమంటే నల్లటి మచ్చ పడింది. మూడుసార్లు వేయించినా మచ్చే. ఆవిడ చెయ్యి కొంగులో దాచుకుంది. నువ్వు ఆరేళ్ళవాడివి, పక్కనే నిలబడి నవ్వావు. ఆ పుస్తకం నీ దొరకు చూపిస్తే మన అమ్మ పిచ్చిది, దాని కడుపున పుట్టిన మనిద్దరం పిచ్చివాళ్ళం.

తప్పులో సగం నాది. నా చెయ్యి ముందు ముంచి ఆ ముసలిదాన్ని నమ్మించాను. మిగతా సగం నువ్వు దిద్దు. దిద్దేదాకా నాకు క్షేమసమాచారాలు రాయనక్కరలేదు. నీ పడిశం సంగతి నాకెందుకు?

మగ్దలేనమ్మ


రేవుపేట,
1927 ఫిబ్రవరి 3

అక్కకు,

తోడబుట్టినవాడి చేతికి మేకపోతు పేరు పెట్టావు. చాలా సంతోషం. ఈ సంగతి బయటపడితే నా ఉద్యోగం ఉంటుందా అని ఒక్క క్షణమైనా ఆలోచించావా?

సోంబరు చేత పని మాన్పించమని తేలిగ్గా రాశావు. ఇక్కడ రోజూ సాయంత్రం ఒక్కొక్కడి తాడూ తూస్తారు. తగ్గితే గంజి సగం. రెండోసారి తగ్గితే మాట విననివాడని రాస్తారు, అలా రాస్తే ఇంటికి పంపే మాటే ఉండదు. అది నా చేతుల్లో లేదు. నేను గుమాస్తాను. దొరకు ఎదురు చెప్పడానికి నేనెవణ్ణి? కొండ మీద కూర్చుని నీతులు రాయడానికి ఏం పోయింది!

అమ్మ సంగతి ఎందుకెత్తావు? నేను నవ్వలేదు.

ఎలీయేజరు


పనసగూడ,
1927 ఫిబ్రవరి 10

ఎలీ,

నవ్వావు.

సోములమ్మ ప్రతి సోమవారం తెల్లారకముందే లేచి సాలూరు సంతకు దిగుతోంది. అడ్డాకులో రెండు పొట్లాలు కడుతుంది. ఒకటి తను తింటుంది. రెండోది పొద్దు వాలేదాకా ఒళ్ళో పెట్టుకుని, బళ్ళు దిగేవాళ్ళను చూసి, తిరిగి కొండెక్కిస్తుంది. నేను మీ శాస్త్రాన్ని నమ్మలేదు. ఆవిడ మీ కాగితాన్ని నమ్మింది. అంతకన్నా రాయడానికి నాకేం లేదు.

మగ్దలేన


రేవుపేట,
1927 మార్చి 25

అక్కా,

అవును, నవ్వాను. అమ్మ చెయ్యి కొంగులో దాచుకోవడం కూడా చూశాను. చూసి మళ్ళీ నవ్వాను.

నీ ఉత్తరం అందిన రోజు మధ్యాహ్నం భోజనం వేళ వార్డు వసారాలోకి వెళ్ళి, సోంబరు చేతిలో పీచు లాక్కుని కూర్చున్నాను. నాకు పేనడం వస్తేగా! పది నిమిషాలు చూసి వాడు, "అలక్కాదు బాబూ, తొడమీద ఏసి తిప్పాల. నీ సేతులేటి, సోడిపిండి ముద్దల్లాగున్నాయి" అన్నాడు. ఏడాదిన్నరలో వాడు నాతో అంత పొడుగు మాట అనడం అదే మొదలు. జవాను బుజ్జిబాబు తొంగి చూసి, "ఏటండి గుమస్తాగారూ, మీరూ లోపలికొచ్చీసినారా?" అన్నాడు. వార్డంతా నవ్వింది. నవ్వించుకోవడం ఎలా ఉంటుందో నాకు తెలిసింది.

మధ్యాహ్నం కొంత, కచేరీ పని అయ్యాక కొంత పేనేవాణ్ణి. అయినా వాడి రోజువారీ తూకానికి చాలేది కాదు. అప్పుడు మిగతా రోగులు ఎవరూ చెప్పకుండానే తలా ఒక మూర తెచ్చి నా కట్టలో కలిపేవాళ్ళు. గొంతులు వినపడేవాళ్ళూ, గోడతో పోట్లాడేవాళ్ళూ కలిపారక్కా. వాళ్ళ పేర్ల పక్కన "మంచి చెడ్డ ఎరుగరు" అని పుస్తకంలో రాసింది నేనే.

ముప్ఫై అయిదు రోజులు సోంబరు తాడు ముట్టలేదు. సోమవారం నాడు వాడికి సిరా పూసి కాగితం దొర ముందు పెట్టాను. ప్రతి వేలికీ గీతలు తేలాయి. తాడు వల్ల పోయినవి తాడు మానితే వచ్చాయండీ అని చెప్పాను. "ఆలోచించడం గుమాస్తా పని కాదు" అన్నాడు. మర్నాటికల్లా తన వైద్యం వల్ల తెగిన గీతలు అతుక్కున్నాయని రాసుకున్నాడు. మూడు కాళ్ళ కుందేటికి నాలుగో కాలు తనే మొలిపించానంటున్నాడు. ఆ గొప్ప లోకానికి చూపించాలి కదా, సోంబరు పూర్తిగా బాగుపడ్డాడని విడుదల కాగితం మీద సంతకం పెట్టాడు. పెట్టనీ. అతని తెలివి అతనికి, మన మనిషి మనకు.

అదే కట్టలో పేరు లేకుండా ఇంకో ముద్ర పెట్టాను. దొర చూసి పెదవి విరిచాడు. "పూర్తిగా తెగిపోయింది. వీణ్ణి ఎన్నటికీ వదలకూడదు" అన్నాడు. చిత్తం అన్నాను. అది నా కుడి చెయ్యి. దీంతో పంపుతున్నాను. నల్లటి మచ్చ తప్ప ఏమీ లేదు. అమ్మది కూడా ఇలాగే పడింది, నాకు బాగా గుర్తుంది. పాతది మేకపోతుకు పెట్టేయ్, ఇది దాచు.

ఈ ఉత్తరం తెచ్చేది సోంబరే. సోములమ్మ వేసిన ముద్రను పుస్తకంలోంచి చింపి వాడికిచ్చాను. మీ అమ్మ నీ కోసం వేసిందని చెప్పాను. వాడు ఆ నల్లటి చేతి మీద తన చెయ్యి ఆనించి కొలుచుకున్నాడు. తరవాత అడిగాడు, "దీనికేనా బాబూ నన్ను ఒగ్గేత్తన్నారు?" అని. నువ్వైతే కాదని మూడుసార్లు చెప్పేదానివి. నేను అవునన్నాను.

ఎల్లుండి వాడు సాలూరులో దిగుతాడు, మర్నాడు సోమవారం. సంతలోనే కూర్చుని ఉండమన్నాను. వాళ్ళమ్మ రెండో పొట్లం తెస్తుందని చెప్పాను.

ఎలీ